అమెరికా యూనివర్సిటీ ఆనర్స్ ప్రోగ్రాంలో సీటు వచ్చే అవకాశం ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి అమెరికా హైస్కూళ్లలో పదకొండు, పన్నెండు చదువుతున్న పిల్లల ఇళ్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్నలు. హైదరాబాదు, విజయవాడల్లో ఇంటర్ చదివి నేరుగా బ్యాచిలర్స్‌కి దరఖాస్తు చేసేవాళ్లకి విడిగా ఒక జవాబు కింద ఉంది. ఒక్క మాట ముందే: ఈ పేజీలో 'ఏపీ' అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు), ఆంధ్రప్రదేశ్ కాదు.

ఆనర్స్ అంటే మన దగ్గర బీఏ ఆనర్స్ లాంటిదేనా?

కాదు. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ అంటే ఒక సబ్జెక్టును లోతుగా చదివే డిగ్రీ. మన బీటెక్‌లో ఆనర్స్ అంటే అదనపు క్రెడిట్లు. అమెరికాలో ఆనర్స్ కాలేజీ అంటే పెద్ద యూనివర్సిటీ కడుపులో ఉన్న చిన్న కాలేజీ. మెకానికల్‌లో చేరిన పిల్లవాడు మెకానికలే చదువుతాడు. దానికి తోడు పాతిక మందికి మించని చర్చా తరగతులు, కోర్సులకి అందరికన్నా ముందు రిజిస్టర్ చేసుకునే వీలు, చాలా చోట్ల వేరే హాస్టల్, ఆఖర్న థీసిస్ ఉంటాయి.

అరిజోనా స్టేట్‌లో బారెట్ (1988), పెన్ స్టేట్‌లో ష్రేయర్ (ష్రేయర్ దంపతులు ఇచ్చిన 3 కోట్ల డాలర్లతో 1997లో మొదలైంది), న్యూజెర్సీలో రట్గర్స్ ఆనర్స్ కాలేజీ, న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో మెకాలే ఈ కోవలోవి. టెక్సాస్ యూనివర్సిటీ ఆస్టిన్ క్యాంపస్‌లో (యూటీ ఆస్టిన్) 1935 నుంచి నడుస్తున్న ప్లాన్ టూ మాత్రం కొంచెం వేరు, అది తనంతట తానే ఒక మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు). పట్టా మీద లాటిన్‌లో వచ్చే 'సమ్మా కమ్ లాడే' లాంటి బిరుదులకీ వీటికీ సంబంధం లేదు. అవి ఎక్కువచోట్ల చివరి జీపీఏని (అన్ని కోర్సుల గ్రేడ్ల సగటు) బట్టి ఇచ్చేవి.

యూనివర్సిటీలో సీటు వస్తే ఆనర్స్ కూడా వచ్చినట్టేనా?

రానట్టే అనుకుని లెక్క మొదలుపెట్టండి. ఇవి రెండు గేట్లు. కొన్ని మేజర్లకి మూడో గేటు కూడా ఉంటుంది. కంప్యూటర్ సైన్సు, నర్సింగ్, బిజినెస్ లాంటి వాటికి చాలా యూనివర్సిటీల్లో మేజర్ సీటు విడిగా రావాలి. ఆనర్స్ వచ్చి కంప్యూటర్ సైన్సు రాని పిల్లలు ఉంటారు, కంప్యూటర్ సైన్సు వచ్చి ఆనర్స్ రానివాళ్లూ ఉంటారు. ఆనర్స్ ఆఫర్ చేతికి రాగానే 'ఇక మేజర్ తర్వాత మార్చుకోవచ్చులే' అనుకోవడం తెలుగు ఇళ్లలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు.

గేటు ఎలా తెరుచుకుంటుందో కూడా ఒక్కోచోట ఒక్కో తీరు. రట్గర్స్ ఆనర్స్ కాలేజీకి వేరే దరఖాస్తు ఉండదు, మామూలు దరఖాస్తు చూసే ఎంచుకుంటారు. మేరీల్యాండ్‌లోనూ అంతే, కాకపోతే నవంబర్ 1 ఎర్లీ యాక్షన్ (ముందస్తు దరఖాస్తు) గడువు దాటితే ఆనర్స్ ఆశ దాదాపు వదులుకోవాలి. ష్రేయర్, బారెట్, ప్లాన్ టూలకి అదనపు ప్రశ్నలు, వ్యాసాలు ఉంటాయి. ఇంకొన్ని ప్రోగ్రాంలు ఒక మేజర్‌కే కట్టుబడి ఉంటాయి: యూటీలో ట్యూరింగ్ స్కాలర్స్ కంప్యూటర్ సైన్సు వాళ్లకి, కాన్‌ఫీల్డ్ బిజినెస్ వాళ్లకి. మేజర్‌కి కట్టిన ఆనర్స్‌లో సీట్లు తక్కువ, పోటీపడేవాళ్లందరూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటారు. ఒకే యూనివర్సిటీలో రెండు ఆనర్స్ ప్రోగ్రాంల అవకాశాలని ఒకే అంకెతో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

సరే, అవకాశాన్ని అంకెల్లో ఎలా లెక్కేయాలి?

కాగితం తీసుకోండి. గంట పని.

మొదట యూనివర్సిటీ 'కామన్ డేటా సెట్' వెతకండి. యూనివర్సిటీ పేరు, ఈ మూడు మాటలు కలిపి వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో సీ విభాగం ఒక్కటి చాలు. సీ1లో ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి సీటిచ్చారు అని ఉంటుంది. ఈమధ్యవి అయితే రాష్ట్రం లోపలివాళ్లు, బయటివాళ్లు విడివిడిగా కనిపిస్తారు. సీ7లో కోర్సుల కష్టం, జీపీఏ, ర్యాంకు, వ్యాసం, ఉత్తరాలు ఒక్కోదానికి ఎంత ప్రాముఖ్యమిస్తారో నాలుగు మెట్లలో టిక్కు పెట్టి ఉంటుంది. సీ9లో శాట్, యాక్ట్ (కాలేజీ ప్రవేశ పరీక్షలు) స్కోర్ల 25వ, 75వ పర్సెంటైల్స్ (ఎంత శాతం మంది ఆ స్కోరు కింద ఉన్నారో చెప్పేవి), సీ10లో క్లాస్ ర్యాంకు, సీ11లో జీపీఏ. మొదటి గేటు అంచనాకి ఇది చాలు. మీ రాష్ట్రం, మీ మేజర్ అంకెలు విడిగా దొరికితే మొత్తం యూనివర్సిటీ అంకెను పక్కన పడేయండి.

రెండో గేటుకి ఆనర్స్ కాలేజీ వెబ్‌సైట్‌లో మూడు అంకెలు వెతకాలి: ఏటా చేరేవాళ్లు, దరఖాస్తులు, చేరినవాళ్ల మధ్య 50 శాతం స్కోర్లు (25వ, 75వ పర్సెంటైల్స్ నడుమ ఉన్నవి). మూడూ ఒకేచోట దొరకడం అరుదు. సీట్లు మాత్రమే తెలిస్తే ఇలా చేయండి. ఉదాహరణకి 400 మంది చేరే ఆనర్స్ కాలేజీ అనుకుందాం. ఆఫర్ వచ్చినవాళ్లలో 30 శాతమే చేరతారనుకుంటే (మంచి స్కోరున్న పిల్లలకి వేరే ఆఫర్లూ ఉంటాయి కదా) 400 సీట్లు నిండాలంటే దాదాపు 1,330 మందికి ఆఫర్ ఇవ్వాలి. 5,000 మంది దరఖాస్తు చేస్తే ఆఫర్ రేటు 27 శాతం దగ్గర. కానీ సీట్లని దరఖాస్తులతో నేరుగా భాగించేవాళ్లకి 8 శాతమే వచ్చి గుండె జారిపోతుంది. చేరేవాళ్ల సంఖ్యకీ ఆఫర్ల సంఖ్యకీ తేడా మరిచిపోవడమే ఈ లెక్కలో జరిగే పెద్ద తప్పు.

ఇప్పుడు ఆ 27ని మీ పిల్లకి సరిచూడాలి. స్కోరు, జీపీఏ రెండూ ఆనర్స్ మధ్య 50 శాతం పరిధికి నడుమ ఉంటే 27ని అలాగే ఉంచండి. రెండూ 75వ పర్సెంటైల్ దాటి, స్కూల్లో దొరికే కష్టమైన కోర్సులన్నీ తీసుకుని ఉంటే 40 దాకా పెంచండి. ఒకటి 25వ పర్సెంటైల్ కిందుంటే సగం చేయండి. రెండూ కిందుంటే 5 దాటించొద్దు. ఇవి కొలిచిన అంకెలు కావు, చేయి తిరిగినవాళ్లు వేసే ఉజ్జాయింపు. అందుకే చివర్లో వచ్చేది ఒక్క అంకెలా కాక, '25 నుంచి 40' లాంటి పరిధిలా రాసుకోండి. స్పష్టమైన కటాఫ్ ప్రకటించిన చోట తప్ప ఏ ఆనర్స్‌కీ 90 రాయొద్దు.

వాళ్ల సైటులో సగటు శాట్ 1500 అని ఉంది. మా అమ్మాయికి 1520. వచ్చినట్టేగా?

దాదాపు సగం మందికి 1500 పైనే ఉంటుంది, అంటే 1520 ఆమెను గుంపు మధ్యలోనే నిలబెడుతోంది. పైగా శాట్ ఐచ్ఛికంగా ఉన్నచోట ఆ సగటు స్కోరు పంపినవాళ్లది మాత్రమే. తక్కువ వచ్చినవాళ్లు పంపరు కాబట్టి సగటు ఉన్నదానికన్నా ఎత్తుగా కనిపిస్తుంది.

1520ని 1560 చేయడానికి మూడోసారి రాయించాలా అని అడుగుతారు. మా సలహా వద్దనే. శాట్ మొత్తం స్కోరుకి కాలేజ్ బోర్డే దాదాపు 40 పాయింట్లు అటూ ఇటూ తేడా ఉండొచ్చని చెబుతుంది. ఆ వేసవిలో ఆరు శనివారాలు వ్యాసాలకి పెడితే దక్కే ఫలితం ఎక్కువ. 1400ని 1480 చేయడం వేరు, అది పరిధి కిందినుంచి లోపలికి తీసుకొస్తుంది, రాయించండి. ఎక్కువ యూనివర్సిటీలు వేర్వేరు తేదీల్లో వచ్చిన మంచి విభాగాలని కలిపి సూపర్‌స్కోరు చూస్తాయి.

ఎక్కడ చూస్తారు, ఎక్కడ చూడరు అన్నది కూడా తెలుసుకోండి. యూటీ ఆస్టిన్ 2025 ప్రవేశాల నుంచి స్కోరు మళ్లీ తప్పనిసరి చేసింది. కాలిఫోర్నియా యూసీ క్యాంపస్‌లు స్కోరు పంపినా చూడవు. ష్రేయర్ ఎంపికలో శాట్‌ని లెక్కలోకి తీసుకోరు. అక్కడ 1580 ఉన్న పిల్లవాడికీ 1420 ఉన్న పిల్లవాడికీ వ్యాసమే తేడా.

జీపీఏ ఏది చూస్తారు, వెయిటెడా, అన్‌వెయిటెడా?

ఒక్కోచోట ఒక్కోలా. కష్టమైన కోర్సులకి అదనపు పాయింట్లు కలిపితే వెయిటెడ్, కలపకపోతే అన్‌వెయిటెడ్. అందుకే రెండూ మీరే లెక్కేసి పెట్టుకోండి. 30 సెమిస్టర్ కోర్సుల్లో 24 ఏ, 6 బీ ఉంటే అన్‌వెయిటెడ్ (24×4 + 6×3) ÷ 30 = 3.8. వాటిలో 10 ఏపీలై, ఒక్కోదానికి ఒక పాయింటు కలిపితే 4.13. టెక్సాస్‌లోని ఫ్రిస్కో లాంటి డిస్ట్రిక్టులో 6 పాయింట్ల స్కేలు, అక్కడ ఇదే పిల్లకి ఇంకా పెద్ద అంకె కనిపిస్తుంది. పక్క రాష్ట్రంలో ఉన్న బంధువుల అబ్బాయి 4.4తో మీ అమ్మాయి 5.6ని పోల్చడం రూపాయల్నీ డాలర్లనీ కలిపి కూడటమే.

చాలా యూనివర్సిటీలు స్కూలు అంకెను పక్కనపెట్టి తామే మళ్లీ లెక్కిస్తాయి. యూనివర్సిటీ ఆఫ్ జార్జియా ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, సోషల్, విదేశీ భాష మాత్రమే తీసుకుంటుంది. బ్యాండ్, పీఈ, హెల్త్‌లో వచ్చిన ఏలు ఎగిరిపోతాయి. జార్జియాలోని కమింగ్, ఆల్ఫారెట్టాలలో '3.95 ఉంది' అనుకునేవాళ్లు ఆ ఐదు సబ్జెక్టులతో ఒకసారి వేసుకుంటే నిజమైన అంకె తెలుస్తుంది.

ఆనర్స్ దరఖాస్తులు చదివేవాళ్లు జీపీఏ కన్నా ముందు చూసేది ట్రాన్స్‌క్రిప్టులో (స్కూలు ఇచ్చే కోర్సులు, గ్రేడ్ల రికార్డు) కోర్సుల వరస. మీ స్కూల్లో 22 ఏపీలుంటే 5 తీసుకున్న పిల్ల తేలిక దారి ఎంచుకున్నట్టు కనిపిస్తుంది. స్కూల్లో ఉన్నవే 6 అయితే ఆ 5 గొప్ప. ఈ విషయం స్కూలు ప్రొఫైల్‌లో ఉంటుంది. కౌన్సిలర్‌ని అడిగి ఆ రెండు పేజీలు చదవండి, పిల్లల్ని చూసే కళ్లద్దం అదే.

టెక్సాస్‌లో మొదటి కొద్ది శాతంలో ఉంటే యూటీలో ఆటోమేటిక్ కదా?

యూనివర్సిటీలోకి ఆటోమేటిక్, మేజర్‌లోకీ ఆనర్స్‌లోకీ కాదు. 1997 నాటి చట్టం టెక్సాస్ హైస్కూళ్లలో క్లాస్ ర్యాంకులో మొదటి 10 శాతానికి హామీ ఇచ్చింది. యూటీ ఆస్టిన్‌కి మాత్రం ఆ హద్దు తగ్గుతూ వచ్చి, 2026 ప్రవేశాల నుంచి మొదటి 5 శాతానికి దిగింది. ఫ్రిస్కో, ప్లేనో, కాపెల్ లాంటి చోట్ల అంతా ఏలే వచ్చినా ఆ 5 శాతంలో పడని పిల్లలు బోలెడు. వాళ్లకి మొదటి గేటే మామూలు పోటీ. కాబట్టి ట్యూరింగ్ అవకాశం లెక్కేసేటప్పుడు 'యూటీలో వస్తుంది' అన్న 100 శాతాన్ని దానికి అంటించొద్దు.

చాన్స్ కాలిక్యులేటర్లు, నావియన్స్ గ్రాఫులు నమ్మొచ్చా?

చాలా కాలిక్యులేటర్లకి ముఖ్యంగా తెలిసేది జీపీఏ, స్కోరు, యూనివర్సిటీ పేరు. మీ వ్యాసం తెలియదు. ఆనర్స్ అన్న ఊసే ఉండదు. సరదాకి చూడండి.

పాత విద్యార్థుల దరఖాస్తు ఫలితాలు చూపే నావియన్స్ లేదా స్కోయర్ అనే స్కూలు సాఫ్ట్‌వేర్‌లో ఉండే చుక్కల గ్రాఫు అంతకన్నా మేలు, ఎందుకంటే ఆ చుక్కలు మీ స్కూలు పిల్లలవే. అయినా ఆకుపచ్చ చుక్కల్లో (సీటు వచ్చినవాళ్లవి) లిబరల్ ఆర్ట్స్ పిల్లలూ కంప్యూటర్ సైన్సు పిల్లలూ కలిసిపోయి ఉంటారు. కరోనా కాలంలో స్కోరు లేకుండా వెళ్లినవాళ్ల చుక్కలూ అందులోనే ఉంటాయి. కౌన్సిలర్‌ని ఇలా అడగండి: 'గత మూడేళ్లలో మన స్కూలు నుంచి ఈ ఆనర్స్‌కి ఎంతమంది పెట్టారు, ఎంతమందికి వచ్చింది?' పేర్లు చెప్పరు, అక్కర్లేదు కూడా. '9 మంది పెడితే 2' అన్న జవాబు ఏ కాలిక్యులేటర్ కన్నా విలువైంది.

ఇక 'ఆనర్స్ గ్యారంటీ' అనే కన్సల్టెంట్లు. ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఫీజు కట్టకముందే ఆ మాట రాతపూర్వకంగా అడగండి, సంభాషణ అక్కడే ముగుస్తుంది.

ఆనర్స్ వ్యాసంలో ఏం చూస్తారు? మా వాడిది బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

అవకాశాల లెక్కలో పిల్లల చేతిలో మిగిలిన పెద్ద భాగం ఇదే, కాబట్టి కొంచెం నిలబడి చెబుతాం.

కామన్ యాప్ (చాలా యూనివర్సిటీలకి ఒకే దరఖాస్తు పెట్టే వెబ్‌సైటు) వ్యాసం 650 పదాల దాకా, అది అందరికీ వెళ్తుంది. ఆనర్స్ వ్యాసం విడిగా, తరచు 250-500 పదాల్లో అడుగుతారు. మొదటిది 'నువ్వెవరు' అని అడిగితే, రెండోది 'నీ బుర్ర ఎలా పనిచేస్తుంది' అని అడుగుతుంది. దాన్ని చదివేది తరచు ఆ ఆనర్స్ కాలేజీ అధ్యాపకులు, సిబ్బందే. పదిహేను మంది కూర్చునే చర్చా తరగతిలో ఈ పిల్ల పక్కన కూర్చుంటే తరగతి బాగుపడుతుందా అన్నదే వాళ్ల మనసులో ఉండే ప్రశ్న.

తప్పే చోట్లు ఇవి. అవార్డుల జాబితాని వాక్యాలుగా మార్చి రాయడం, అది యాక్టివిటీస్ పేజీలో ఇదివరకే ఉంది. యూనివర్సిటీ ర్యాంకు, క్యాంపస్ అందం పొగడటం, అది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే. నాన్న రెండు సూట్‌కేసులతో అమెరికా వచ్చిన కథలో పిల్ల పాత్ర లేకపోవడం. అడిగిన ప్రశ్నకి కాకుండా వేరే కాలేజీకి రాసినదాన్ని పేరు మార్చి పెట్టడం (పేరు మార్చడం మరిచిపోయినవీ చాలానే ఉంటాయి). చివరిది, తల్లిదండ్రుల వాక్యాలు. 'ఇన్ దిస్ కాంపిటీటివ్ వరల్డ్' అని పదిహేడేళ్ల పిల్ల రాయదు, చదివేవాళ్లకి మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

బాగున్న వ్యాసంలో ఒక చిన్న ప్రశ్న, దాని వెంట పిల్ల నడిచిన దారి ఉంటాయి. 'నాకు బయాలజీ అంటే ఇష్టం' అనడం కన్నా, ఇంట్లో పెరుగు చలికాలంలో ఎందుకు తోడుకోవడం లేదో మూడు గిన్నెలు పెట్టి చూసి, తన ఊహ తప్పని తేలాక ఏం చేసిందో రాస్తే ఎక్కువ తెలుస్తుంది. తప్పని తేలడం అన్న ముక్కకే విలువ ఎక్కువ. 'ఈ ఆనర్స్ కాలేజీ ఎందుకు' అని అడిగితే కోర్సుల జాబితా తెరిచి రెండు కోర్సులు ఎంచుకుని, అవి తన ప్రశ్నకి ఎక్కడ తగులుతాయో చెప్పాలి. బారెట్‌కి రాస్తూ 'హ్యూమన్ ఈవెంట్' అనే వాళ్ల రెండు సెమిస్టర్ల చర్చా కోర్సు గురించి ఒక్క వాక్యమూ లేకపోతే, వెబ్‌సైటు కూడా తెరవలేదని అర్థం.

బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష: పేరు, స్కూలు, అవార్డులు కొట్టేసి పిల్లకి బాగా తెలిసిన టీచరుకి ఇవ్వండి. ఎవరు రాశారో ఆవిడ చెప్పగలిగితే వ్యాసం పనిచేస్తోంది. చెప్పలేకపోతే మీ అంచనాలో పది పాయింట్లు తగ్గించుకోండి.

కూచిపూడి, కర్ణాటక సంగీతం, మనబడి లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. కామన్ యాప్‌లో యాక్టివిటీలకి పది గళ్లు, ఒక్కోదాని వివరణకి 150 అక్షరాలు. 'రంగప్రవేశం చేసింది' అంటే చదివేవాళ్లకి ఏమీ అర్థం కాదు. పదేళ్లు, వారానికి ఆరు గంటలు, రెండున్నర గంటల సోలో నాట్య ప్రదర్శన, ఇప్పుడు ఎనిమిది మంది చిన్నపిల్లలకి నేర్పుతోంది, ఇలా రాస్తే అర్థమవుతుంది. రంగప్రవేశానికి హాలు ఎంత పెద్దదన్నది ఎవరికీ పట్టదు. తెలుగు తరగతులకి విదేశీ భాష క్రెడిట్ ఇచ్చే స్కూల్ డిస్ట్రిక్టులు ఉన్నాయి. క్రెడిట్ ట్రాన్స్‌క్రిప్టులో కనిపిస్తేనే కోర్సుగా లెక్క, లేకపోతే యాక్టివిటీల గడిలో పెట్టండి.

పన్నెండో తరగతి ఆగస్టులో పుట్టిన ఎన్జీవోలకి మాత్రం విలువ సున్నా. అలాంటివి చూసిచూసి వాళ్ల కళ్లు కాయలు కాచాయి.

రికమెండేషన్ ఉత్తరాలు ఎవరితో రాయించాలి?

పదకొండో తరగతిలో ముఖ్య సబ్జెక్టు చెప్పిన టీచర్లతో. ఆనర్స్‌కి ఇద్దరైతే ఒకరు లెక్కలో సైన్సో, ఇంకొకరు ఇంగ్లిషో చరిత్రో అయితే మంచిది. ఇంజనీరింగ్ పిల్లలు ఇద్దరూ సైన్సు వాళ్లనే పట్టుకుంటారు, అది చిన్న నష్టం. మే నెలలో అడగండి. గడువుకి కనీసం నాలుగు వారాల ముందు గుర్తుచేస్తూ, తరగతిలో జరిగిన రెండు మూడు సంగతులు ఒక పేజీలో రాసివ్వండి. ఏ గ్రేడు వచ్చిన టీచరన్నది ముఖ్యం కాదు, ఎవరికి బాగా గుర్తున్నదన్నదే ముఖ్యం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటర్ చదువుతున్నవాళ్ల అవకాశం ఎలా లెక్కేయాలి?

పైన చెప్పిన అంకెలు వీళ్లకి నేరుగా అతకవు. మొదటి చిక్కు కాలెండరులోనే ఉంది. దరఖాస్తు నవంబర్-జనవరిలో వెళ్తుంది, రెండో ఏడాది ఫలితాలు వేసవిలో వస్తాయి. కాబట్టి వాళ్లు చూసేది తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాది. ఎంపీసీలో ఎన్నో ఏళ్లుగా నడిచిన 1000 మార్కుల పద్ధతిలో మొదటి ఏడాదివి 470. 'రెండో ఏడాదిలో కవర్ చేస్తాను' అన్న ఆలోచన ఇక్కడ చెల్లదు. ఇంటర్ బోర్డులు అంచనా మార్కులు ఇవ్వవు. కాలేజీ లెటర్‌హెడ్ మీద అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు తీసుకుని మధ్యంతర నివేదికగా పంపించండి. తొమ్మిదో తరగతి మార్కులు అడుగుతారని చాలామంది డిసెంబర్లో తెలుసుకుని పాత స్కూలు చుట్టూ తిరుగుతారు. జులైలోనే సంతకం, సీలుతో తెచ్చిపెట్టుకోండి.

రెండో చిక్కు, 470కి 462 అంటే ఎంత గొప్పో వాళ్లకి తెలియదు. మార్కులని మీరే 4.0 స్కేలుకి మార్చొద్దు, ఉన్నవి ఉన్నట్టు ఇవ్వండి. దానికి బదులు కాలేజీ తరఫున ఒక పేజీ స్కూలు ప్రొఫైల్ తయారు చేయించండి: విద్యార్థులు ఎంతమంది, ఏ గ్రూపులు, బోర్డు మార్కుల పద్ధతి ఏమిటి, ఆ కాలేజీలో 450 దాటినవాళ్లు ఎంతమంది. పెద్ద కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో అమెరికా తరహా కౌన్సిలర్ ఉండరు. ఆ పాత్రలో ప్రిన్సిపాలో వైస్ ప్రిన్సిపాలో ఫారాలు నింపాలి. వాళ్లకి కామన్ యాప్ లింకు ఈమెయిల్‌లో వస్తుందని, అది స్పాం ఫోల్డర్లో పడుతుందని ముందే చెప్పండి. దరఖాస్తు అసంపూర్తిగా ఆగిపోయే చోటు ఇదే.

మూడోది, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా జేఈఈ, ఎప్‌సెట్ చదువులో ఉన్న పిల్లలకి యాక్టివిటీల గళ్లు ఖాళీ. ఖాళీగానే ఉండనివ్వండి, అబద్ధాలతో నింపొద్దు. 'అదనపు సమాచారం' గడిలో రోజువారీ టైంటేబుల్ నాలుగు వాక్యాల్లో వివరించి, జేఈఈ మెయిన్ పర్సెంటైల్ వస్తే కలపండి. కొన్ని ఏపీ పరీక్షలు, శాట్ 1500 దగ్గర స్కోరు ఉంటే బోర్డు మార్కులకి అమెరికా కొలబద్ద దొరికినట్టవుతుంది. ఇవేవీ లేకుండా బోర్డు మార్కులతోనే పెడితే ఆనర్స్ అంచనాని పై లెక్కలో వచ్చినదానికి సగం చేసుకోండి.

ఎన్ని ఆనర్స్‌కి పెడితే ఒకటైనా వస్తుంది?

నాలుగింటికి పెట్టారు, ఒక్కోచోట 30 శాతం అనుకుందాం. ఒక్కటీ రాకపోవడానికి అవకాశం 0.7 × 0.7 × 0.7 × 0.7, అంటే 24 శాతం. ఒకటైనా వచ్చే అవకాశం 76. వినడానికి బాగుంది. ఈ లెక్క నిజం కావాలంటే నాలుగు ఫలితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావాలి, కానీ అవి అలా ఉండవు. వ్యాసం నీరసంగా ఉంటే నాలుగు చోట్లా నీరసమే. 76ని 55-65 అనుకుంటే వాస్తవానికి దగ్గర.

ఎనిమిది ఆనర్స్‌కి పెడితే పన్నెండు, పదిహేను అదనపు వ్యాసాలు మీద పడతాయి, ఆఖరి నాలుగూ తేలిపోతాయి. నాలుగు నుంచి ఆరు చాలు. వాటిలో కనీసం రెండు, ఆనర్స్ రాకపోయినా మామూలు సీటుతోనే సంతోషంగా చేరగల యూనివర్సిటీలై ఉండాలి.

హెచ్-4 మీద ఉన్న పిల్లలకి తేడా ఉంటుందా?

ఆనర్స్ ఎంపికలో సాధారణంగా ఉండదు, డబ్బు దగ్గర ఉంటుంది. ఫెడరల్ సాయానికి వాడే ఫాఫ్సా దరఖాస్తుకి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకి ఇచ్చే వీసా) వాళ్లు అర్హులు కారు. ఆనర్స్‌తో వచ్చే మెరిట్ స్కాలర్‌షిప్పుల్లో కొన్ని పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంలో నివసించేవాళ్లకి తగ్గించిన ఫీజు) అర్హత రాష్ట్రాన్ని బట్టి. టెక్సాస్‌లో నివాస షరతులు తీరితే హెచ్-4 పిల్లలకీ ఇన్-స్టేట్ ఫీజే. మెకాలేలో ట్యూషన్ మొత్తం మాఫీ కావాలంటే న్యూయార్క్ ఇన్-స్టేట్ ఫీజుకి అర్హత ఉండాలి. 21 నిండితే హెచ్-4 పోతుంది, డిగ్రీ మధ్యలో ఎఫ్-1కి (విద్యార్థి వీసా) మారాల్సి రావచ్చు. అప్పుడు స్కాలర్‌షిప్పు, ఇన్-స్టేట్ హోదా నిలుస్తాయా అని చేరకముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాట మూడేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఎప్పుడు ఏం చేయాలి?

పదకొండో తరగతి వసంతంలో జాబితా, పై లెక్క. మేలో టీచర్లని అడగడం. జూన్, జులైలో వ్యాసాలు. ఆగస్టు 1న కామన్ యాప్ కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. యూటీ ఎర్లీ యాక్షన్ అక్టోబర్ 15, చాలా చోట్ల నవంబర్ 1. ఆనర్స్ గడువు యూనివర్సిటీ గడువు కన్నా ముందుండొచ్చు, వెనకా ఉండొచ్చు, రెండూ విడిగా రాసుకోండి. మే 1లోగా చేరతారో లేదో చెప్పాలి. ఫలితం రాకముందే ఆనర్స్ హాస్టల్లో ఏ గది తీసుకోవాలని వాదించుకునే ఇళ్లూ ఉన్నాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

రాలేదు. తర్వాత ఏమైనా దారి ఉందా?

ఉంది, చాలామందికి తెలియనిది. ఎన్నో ఆనర్స్ కాలేజీలు మొదటి సెమిస్టరో మొదటి ఏడాదో అయ్యాక చదువుతున్నవాళ్లని చేర్చుకుంటాయి. ష్రేయర్‌లో రెండో, మూడో ఏడాది పిల్లలకి వేరే ప్రవేశ మార్గమే ఉంది. అప్పుడు చూసేది హైస్కూలు రికార్డు కాదు, కాలేజీ జీపీఏ, ఒక ప్రొఫెసర్ ఉత్తరం. మొదటి సెమిస్టర్లో 3.8 తెచ్చుకుని, ఒక ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో నాలుగుసార్లు కూర్చున్న పిల్లకి ఈ రెండో అవకాశం మొదటిదానికన్నా ఎక్కువే ఉండొచ్చు. వెయిట్‌లిస్టులో ఉంటే కొత్త గ్రేడ్లు, కొత్త సంగతి ఏదైనా ఉంటే ఒక్క పేజీ ఉత్తరం, ఒక్కసారి పంపండి. వారం వారం పంపొద్దు. అమ్మానాన్నలు ఫోన్ చేయొద్దు.

వచ్చింది. చేరాలా?

ఏం నిలబెట్టుకోవాలో చూసి నిర్ణయించండి. బారెట్‌లో 3.25, ష్రేయర్‌లో 3.40 జీపీఏ నిలవాలి, రెండు చోట్లా థీసిస్ ఉంది. బారెట్ లాంటి చోట ఆనర్స్‌కి విడిగా ఫీజు కూడా ఉంటుంది, దాన్ని నాలుగేళ్లకి గుణించి స్కాలర్‌షిప్పులోంచి తీసేసి చూడండి. మెడిసిన్ వైపు వెళ్లే పిల్లలకి ఆనర్స్ కెమిస్ట్రీలో వచ్చే బీ నష్టమే. మెడికల్ స్కూళ్లు జీపీఏని అంకెగానే చూస్తాయి. అలాంటివాళ్లు ఆనర్స్‌లో చేరి, ఆనర్స్ క్రెడిట్లని సైన్సులో కాక హ్యుమానిటీస్‌లో పూర్తి చేసే వీలుందా అని సలహాదారుని అడగాలి. రాయడమంటే గిట్టని పిల్లవాడిని థీసిస్‌లోకి నెట్టకండి.

ఆఫర్ వచ్చాక పన్నెండో తరగతి మార్కులు తగ్గితే?

ఒకటి రెండు బీలతో ఏమీ కాదు. డీ, ఎఫ్ వచ్చినా, చెప్పకుండా ఏపీ క్లాసు వదిలేసినా ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు. చివరి ట్రాన్స్‌క్రిప్టు వేసవిలో తప్పకుండా వెళ్తుంది. క్లాసు మార్చాల్సి వస్తే మార్చే ముందే అడ్మిషన్స్‌కీ, ఆనర్స్ ఆఫీసుకీ విడివిడిగా ఈమెయిల్ చేయండి, ఒకరికి చెబితే ఇంకొకరికి చేరదు.